పేరు మృదువు, చివర చిరుచేదు

పొయ్యి దగ్గర్నుంచి ఎవరైనా గరిట అందించి "కాస్త రుచి చూడు" అంటే మనం ఏం చేస్తాం? రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలిక్కి తగిలిస్తాం. ఒక్క క్షణం చూపు ఎటో పోతుంది. "ఉప్పు సరిపోయింది, పులుపు ఇంకాస్త పడాలి" అంటాం. అంతే, అయిపోయింది. నలభయ్యేళ్ళుగా రోజుకి రెండు పూటలా ఈ పని చేస్తున్నా దీనికి విమర్శ అని ఎవరూ పేరు పెట్టలేదు, మనల్ని విమర్శకులని ఎవరూ పిలవలేదు. అదే పని గాజు గ్లాసు పట్టుకుని, అందులో ముక్కు పెట్టి, కళ్ళు అరమోడ్చి చేస్తే ఇటలీలో దాన్ని గొప్ప విద్య అంటారు. ఆ విద్యని దగ్గర్నుంచి చూసే యోగం నాకు పోయిన ఏడాది ఏప్రిల్ నెలలో పట్టింది.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాల రీత్యా వెరోనాలో కాపురం ఉంటున్నారు. షేక్స్‌పియర్ రోమియో జూలియట్ల కథ నడిపించిన ఊరే అది. దానికి తూర్పున పాతిక కిలోమీటర్ల లోపు సొవావే అని చిన్న ఊరుంది. కొండమీద పాతకాలపు కోట, ఊరి చుట్టూ గోడ, గోడ దాటితే ద్రాక్ష తోటలు. ఆ ఊరి పేరే అక్కడ తయారయ్యే తెల్ల వైన్‌కి కూడా. ఇటాలియన్ భాషలో సొవావే అంటే మృదువైనది, హాయిగొలిపేది అని అర్థమట. గొంతుకీ వాడతారు, పరిమళానికీ వాడతారు. పుట్టుకతోనే పొగడ్త పేరుగా దొరికిన పదార్థం అన్నమాట. పేరు ఇంత బాగుంటే జాగ్రత్తగా ఉండాలని మనకి తెలుసు కదా!

అసలు సంగతిలోకి వెళ్ళేముందు ఒక మాట చెప్పుకోవాలి. మందు వాసన తగిలితే మొహం తిప్పుకునే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంట్లోనే మెట్టినదాన్ని నేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని, ఆ ఉద్యమం జిల్లాలు దాటి పాకిందని పేపర్లో చదివి కళ్ళు తుడుచుకున్నదాన్ని. సీసా వల్ల కూలిన సంసారాలు మనకి కథల్లో కాదు, పక్కవాటాలోనే కనిపించాయి. కనక మీరూ తాగి చూడండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు సుమా. ఇంతవరకూ తాగితే ఫరవాలేదు అనదగ్గ మోతాదంటూ మద్యంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో స్పష్టంగా చెప్పింది.

"అయితే అత్తయ్యగారూ, రుచి చూసేవాళ్ళు మింగరు. ఉమ్మేస్తారు. అదే అక్కడ మర్యాద" అన్నాడు మా అల్లుడు.

మర్యాదగా ఉమ్మెయ్యడం! మా నాయనమ్మ తాంబూలం దగ్గర తమ్మపడిగ పెట్టుకునేది. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు ధైర్యమూ వచ్చింది.

మొదట ఇంట్లోనే ఒక ప్రయోగం జరిగింది. వీధి చివర పెద్ద కొట్లో చవగ్గా అమ్మే సొవావే సీసా ఒకటి మా అమ్మాయి తెచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసి గ్లాసులో రెండంగుళాలు పోసింది. నోట్లో వేసుకుని పుక్కిలించి సింకులో ఉమ్మేశాను. "ఎలా ఉందమ్మా?" అంది. "నిమ్మకాయ కడిగిన నీళ్ళలా ఉందే" అన్నాను. మా అల్లుడు నవ్వి, "చాలామంది విమర్శకులు చాలాకాలం ఇదే మాట అన్నారు" అన్నాడు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది. కాని ఆ తీర్పు పూర్తి తీర్పు కాదని మూడు రోజుల్లో తేలిపోయింది.

ఆదివారం కొండల మీదికి వెళ్ళాం. తోటలు చూస్తే పరాయి దేశంలా అనిపించలేదు. మనవైపు ద్రాక్ష పందిళ్ళలాగే అక్కడా తీగల్ని తలెత్తు పందిరి మీదికి పాకించారు. నేల చాలాచోట్ల నల్లగా ఉంది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతాల రాయి అది. కొన్ని చోట్ల సున్నపురాయి. ఆ తీగ పేరు గార్గానేగా. తోలు మందం, ఆలస్యంగా పండే జాతి. దక్షిణాన సిసిలీ దీవిలో గ్రెకానికో దొరాతో అనే పేరుతో పెరిగేదీ ఇదే తీగ అని డి.ఎన్‌.ఏ. పరీక్షల్లో తేలింది. ఒక చెల్లెల్ని ఉత్తరాదికీ ఒక చెల్లెల్ని దక్షిణాదికీ ఇచ్చినట్టు ఇంటిపేర్లు మారిపోయాయి గాని రక్తం ఒకటే.

ఈ గార్గానేగాకి ఒక గుణం ఉంది. వదిలేస్తే విరగకాస్తుంది. విరగకాస్తే రసం పల్చబడుతుంది. సొవావే కథ అంతా ఈ ఒక్క గుణం మీదే నడిచింది. ఈ కొండల్లో పండేదే అసలైన సొవావే అని 1931లోనే అక్కడి ప్రభుత్వం హద్దులు గీసింది. 1968లో మళ్ళీ అధికారిక గుర్తింపు ఇచ్చేటప్పుడు ఆ హద్దులు కొండ దిగి, కింద సారవంతమైన మైదానాల్లోకి పాకిపోయాయి. కొండమీద కష్టపడి పండించిన గుత్తికీ, మైదానంలో నీళ్ళు తాగి ఉబ్బిన గుత్తికీ ఒకటే పేరు. అమెరికాలో ఆ పేరు బాగా అమ్ముడుపోయింది. అమ్ముడుపోయేకొద్దీ కాపు పెంచారు, కాపు పెరిగేకొద్దీ రుచి తగ్గింది. చివరికి సొవావే అంటే చవకరకం చప్పటి వైన్ అనే ముద్ర పడింది.

కొందరు మాత్రం కొండ వదల్లేదు. పియెరోపాన్ కుటుంబంవారు ఒకే తోట పండుతో విడిగా చేసిన వైన్‌ని 1971లోనే కాల్వరీనో అని ఆ తోట పేరుతో సీసాకెక్కించారు. రోబెర్తో అన్సెల్మీ అనే మరో ఉత్పత్తిదారు ఇంకో దారి పట్టాడు. నియమాలు మార్చమని పోరాడి పోరాడి విసిగిపోయి, 2000లో తన సీసాల మీంచి సొవావే అనే పేరునే తీసేశాడు. పుట్టిన ఊరి పేరు వదులుకోవడమంటే మాటలా? కాని ఏ పేరు వల్ల తన పనికి గౌరవం వచ్చిందో, ఆ పేరే ఇప్పుడు పనికి మచ్చ తెస్తోందని అతని బాధ. ఇది నాకు బాగా అర్థమైంది. ఇంట్లో నలుగురికోసం పెట్టిన ఆవకాయ బాగుందని పదిమందీ అడిగితే, ఆ పదిమంది కోసం కాయ చూడకుండా, నూనె చూడకుండా జాడీలు నింపితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే అతను వెళ్ళిపోయినా, ఉండిపోయినవాళ్ళ పట్టుదల వల్ల పేరు కొంత నిలదొక్కుకుంది. ఈ కొండల సంప్రదాయ సాగుని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2018లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఇక రుచి చూసే గది. పొడుగు బల్ల, తెల్ల గుడ్డ, పక్కన ఉమ్మడానికి ఒక పాత్ర. మాకు చూపించినామె నా వయసుదే. చెప్పిన పద్ధతి చాలా మామూలుగా ఉంది. ముందు రంగు చూడు. తర్వాత గ్లాసు తిప్పి వాసన చూడు. తర్వాత కొంచెం నోట్లోకి తీసుకుని నాలుకంతా తగలనియ్యి. తర్వాత ఆగు. ఆ ఆగడమే అసలు పని అంది. మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోతుందని, పది డిగ్రీలు చాలని కూడా చెప్పింది. ఇంట్లో మా ప్రయోగం ఎందుకు విఫలమైందో అప్పుడు సగం తెలిసింది.

రంగు చూడమన్నారు గాని రంగుని నమ్మమనలేదు. దీని మీద ఒక ముచ్చట ఉంది. 2001లో ఫ్రాన్స్‌లో ముగ్గురు పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ విద్య చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళంతా దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారట! చదువుకున్న ముక్కులు కూడా కన్ను చెప్పినట్టే వింటాయన్నమాట. కంటి మాట ఇంత చెల్లితే, సీసా మీద అచ్చేసిన పేరు మాట, ధర మాట ఇంకెంత చెల్లుతుందో ఆలోచించండి.

నాకు ఇచ్చిన వైన్ లేత గడ్డిరంగులో, అంచున పచ్చదనం తొంగిచూస్తూ ఉంది. వాసన చూశాను. పక్కనున్న కాగితంలో ఏవో తెల్లపూల పేర్లు రాశారు. ఆ పూలు నేనెప్పుడూ చూడలేదు. చూడని పువ్వు వాసన ఎలా పోల్చను? కాస్త బెదిరాను. అప్పుడు మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఆన్ నోబుల్ అనే ఆవిడ ఉండేది. అక్కడి వైన్ విభాగంలో ఉద్యోగం పొందిన తొలి మహిళా అధ్యాపకురాలు ఆవిడే. వైన్ వాసనలకి గాలిమాటలు కాకుండా అందరికీ తెలిసిన మాటలు కావాలని, 1984లో ఒక చక్రం గీసి అందులో వాసనల పేర్లు వరసగా అమర్చింది. నేర్చుకునేవాళ్ళకి ఆవిడ చెప్పిన చిట్కా ఏమిటో తెలుసా? వంటింట్లో ఉన్న లవంగమో, మిరియమో, పండ్ల ముక్కో మామూలు వైన్‌లో వేసి, వాసన చూసి గుర్తుపెట్టుకోమని. అంటే ఆ పెద్ద విద్యకి బడి మన పోపులపెట్టె దగ్గరే ఉంది!

ఇంక బెదురు పోయింది. మళ్ళీ ముక్కు పెట్టాను. అప్పుడే కోసిన బేరికాయ. రాత్రి నానబెట్టి పొద్దున పొట్టు తీసిన బాదంపప్పు. అంతే, రెండే. ఆ రెండూ మాత్రం సందేహం లేకుండా ఉన్నాయి. నోట్లో వేసుకుంటే ముందు పులుపు. చింతపండులా పళ్ళు జిల్లుమనిపించేది కాదు, పచ్చిగా కొరికిన ఆపిల్ పులుపు. మధ్యలో ఏదో మెత్తదనం. ఉమ్మేశాక, అంతా అయిపోయిందనుకున్నాక, నాలుక వెనక సన్నగా చేదు. బాదంగింజ చివర తగిలే చేదు. గార్గానేగాకి ఆ చిరుచేదే గుర్తు అని ఆమె చెప్పింది.

ఇక్కడ మన భాష నాకు అక్కరకొచ్చింది. షడ్రుచుల్లో మనకి చేదు వేరు, వగరు వేరు. ఎర్ర వైన్‌ని పండు తోలుతో కలిపి ఊరబెడతారు కనక తోల్లోని వగరు అందులోకి దిగుతుంది. మామిడిపిందె కొరికినప్పుడు నోరు పట్టేసినట్టుంటుందే, అదీ. తెల్ల వైన్‌కి ముందే తోలు తీసేస్తారు కనక వగరు దాదాపు ఉండదు. పులుపే దానికి వెన్నెముక. ఈ తేడా తెలిస్తే భోజనం సంగతి సగం తెలిసినట్టే.

అయినా ఏమాటకామాటే చెప్పాలి. ఒక్కదాన్నే గ్లాసులో చూసినప్పుడు ఈ మంచి సొవావే కూడా నన్ను అంతగా ఆకట్టుకోలేదు. బాగుంది, శుభ్రంగా ఉంది, అంతే అనిపించింది. ఇంటి సీసాకీ దీనికీ తేడా స్పష్టంగా ఉంది గాని, దీనికోసం కొండెక్కి రావాలా అనుకున్నాను.

వైన్లకి నూటికి ఇన్ని మార్కులని వేసే పద్ధతి ఒకటుంది. రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ విమర్శకుడు 1978లో పెట్టిన పత్రిక వల్ల అది లోకమంతా పాకింది. ఒక్క పూటలో వరసగా పదుల సంఖ్యలో గ్లాసులు, పక్కన తిండి ఉండదు. అలాంటి చోట ఏది నెగ్గుతుంది? గట్టిగా మాట్లాడేది నెగ్గుతుంది. పెళ్ళిచూపుల్లో పాట పాడిన పిల్ల అందరికీ గుర్తుంటుంది, కాఫీ అందించి లోపలికి వెళ్ళిపోయిన పిల్ల గుర్తుండదు. సొవావే కాఫీ అందించి వెళ్ళిపోయే రకం. మార్కుల తీర్పులో నాకు కనిపించిన లోపం ఇదే. అబద్ధం కాదు గాని, అడగవలసిన చోట అడగని ప్రశ్న అది.

అడగవలసిన చోటు భోజనాల బల్ల. మేం వెళ్ళిన వారంలోనే ఏప్రిల్ 25 వచ్చింది. సెయింట్ మార్క్ పండగ. వెనీస్ గణరాజ్యం ఉన్న రోజుల్లో ఆ పండగనాడు అక్కడి పాలకుడికి రీజి ఎ బీజి అనే వంటకం వడ్డించేవారట. పేరు ఘనంగా ఉంది గాని అది బియ్యం, పచ్చిబఠాణీ! వసంతంలో వచ్చే లేత బఠాణీ గింజలు తీసి, తొక్కల్ని పారెయ్యకుండా ఉడికించి, ఆ నీళ్ళతోనే పొట్టి బియ్యాన్ని జారుగా వండి, దించేముందు వెన్నా జున్నుపొడీ వేస్తారు. మామూలుగా పందిమాంసం ముక్కలు కూడా పడతాయి గాని నాకోసం లేకుండా చేయించారు. మన పొంగలికి దూరపు చుట్టం అనుకోండి, మిరియాలూ ఇంగువా లేని చుట్టం.

రెండు ముద్దలు కమ్మగా ఉన్నాయి. మూడో ముద్దకి వెన్న నాలుకని పూత పూసేసింది. నెయ్యి ఎక్కువైన ముద్దపప్పు అన్నం ఊరగాయ లేకుండా తింటే ఎలా ఉంటుందో అలా. అప్పుడు ఒక గుక్క సొవావే తీసుకున్నాను. అవును, ఈసారి మింగాను. భోజనం దగ్గర ఉమ్మలేం కదా! ఆ పులుపు వెన్నని కడిగేసింది. చివరి చిరుచేదు బఠాణీ తీపిని పైకి తెచ్చింది. నాలుగో ముద్ద మొదటి ముద్దలా ఉంది. అప్పటిదాకా నేను దాన్ని నీళ్ళలా ఉందంటున్నాను. అది నీళ్ళలా ఉండటం కాదు, పక్కకి తప్పుకోవడం అని అప్పుడు తెలిసింది.

మా అల్లుడు పక్క జిల్లా విచెన్సా వంటకం తెప్పించుకున్నాడు. చూస్తే ఎండుచేప, సంకటి! గోదావరి జిల్లా దాన్ని, నాకు నోరూరకపోతే తప్పు. నార్వే నుంచి వచ్చే ఎండుచేపని రోజుల తరబడి నానబెట్టి, ఉల్లిపాయలతో పాలూ ఆలివ్ నూనే పోసి గంటలకొద్దీ సన్నసెగ మీద మగ్గిస్తారు. పక్కన మొక్కజొన్న పిండి సంకటి. అక్కడా ఇదే వైన్ చక్కగా ఒదిగింది. చేపతో ఎర్ర వైన్ ఎందుకు పడదో 2009లో జపాన్ పరిశోధకులు చెప్పారు. వైన్‌లో ఇనుము పాలు ఎక్కువగా ఉంటే చేపతో కలిసినప్పుడు నోట్లో నీచు తేలుతుందట. పెద్దలు ఏదో అన్నారని కాకుండా కారణం తెలిస్తే మనసుకి నెమ్మదిగా ఉంటుంది.

పడనివీ చెప్పాలి, లేకపోతే ఇది విమర్శ కాదు, ప్రకటన అవుతుంది. మరో పూట ఆర్టిచోక్ అనే మొగ్గలాంటి కూర తిన్నాం. అది తిన్నాక వైన్ తాగితే తీపిగా, వెర్రిగా ఉంది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయి చూడండి, అదే మాయ. అందులోని సైనరిన్ అనే పదార్థం చేసే పని అది. ఇంకోరోజు చాదస్తం కొద్దీ నేను పట్టుకెళ్ళిన ఆవకాయతో ప్రయత్నించాం. రామ రామ! మద్యం కారాన్ని చల్లార్చదు సరికదా, మంట మీద నూనె పోస్తుంది. ఆవకాయకి తోడు పెరుగన్నమే. దానికి ఇటలీ సాయం అక్కర్లేదు.

మిఠాయిలతోనూ అంతే. లడ్డు తిన్న నోటితో కాఫీ తాగి "ఇందులో పంచదార వెయ్యలేదా?" అని అడుగుతాం కదా. బాదం కేకు తిన్నాక సొవావే అలాగే పుల్లగా, దిగాలుగా అయిపోయింది. దానికి వేరే ఏర్పాటుంది. అదే గార్గానేగా గుత్తుల్ని శీతాకాలమంతా గాలికి ఆరబెట్టి, వడిలిపోయాక పిండి చేసే తియ్యటి వైన్ రెచోతో. ఆ ప్రాంతపు యాసలో చెవుల్ని రెచె అంటారట. గుత్తి భుజాల మీద చెవుల్లా నిక్కి, ఎండ బాగా తగిలే భాగాన్ని ఏరి చేసేవారు కనక ఆ పేరు. ఆరో శతాబ్దంలో గోథు రాజుల కొలువులో మంత్రిగా ఉన్న కాసియోడోరస్, వెరోనా సీమలో ఆరబెట్టిన ద్రాక్షతో చేసే వైన్‌ని రాజుగారి బల్లకి సేకరించమని ఉత్తరం రాస్తూ ఎర్రదాన్నీ తెల్లదాన్నీ విడివిడిగా పొగిడాడు. సామాను జాబితా రాయబోయి విమర్శ రాసేశాడు పాపం.

మరి సొవావే మీద నా తీర్పేమిటి? ఒక్కటే తీసుకుంటే మంచిదే గాని గొప్పది కాదు. చవకది అసలే వద్దు. కారం, తీపి, వగరు కూరల దగ్గర నిలబడలేదు. వెన్న, బియ్యం, పాలు, చేప ఉన్న సాత్వికమైన భోజనం పక్కన పెడితే మాత్రం దాని పని అది తెలిసి చేస్తుంది. దాన్ని చప్పటిదన్న విమర్శకులు అబద్ధం చెప్పలేదు. వాళ్ళు రుచి చూసిన సీసాలు చాలావరకు చప్పటివే. కాని మంచి సీసా దొరికిన రోజున కూడా పక్కన కంచం పెట్టుకోకుండా తీర్పు చెప్పినవాళ్ళు తొందరపడ్డారని నా అభిప్రాయం. ఇంటి సీసా విషయంలో నేను తొందరపడలేదు, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

తిరిగొచ్చే ముందురోజు రాత్రి మావారు ఫోన్ చేశారు. "ఏమిటి, అక్కడ వైన్ రుచి చూశావుటగా, ఎలా ఉందేమిటి?" అన్నారు, గొంతులో వెటకారం దాచుకుంటూ.

"భోజనం చాలా బాగుందండీ" అన్నాను.

"నేనడిగింది వైన్ సంగతి."

"నేను చెప్పిందీ అదే" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ముప్ఫయ్యారేళ్ళుగా నా చారు తాగి "అన్నం బాగుంది" అని లేచిపోయే మనిషి. ఇంటికొచ్చాక తీరిగ్గా చెప్పొచ్చులే అని ఊరుకున్నాను.